‘సర్వర్ డౌన్’... ఇంతకీ తెగింది ఎక్కడ?

కమాన్‌పూర్‌లోనే కాదు, ఏ మండల కేంద్రంలోనైనా మీసేవ కౌంటర్ ముందు ఓ గంట నిలబడి చూడండి. ఈ మాటలు వినిపించని రోజంటూ ఉంటే అది పండగ సెలవై ఉండాలి.

‘‘బిడ్డా, నా కాయితం వచ్చిందా?’’

‘‘ఏడొచ్చింది పెద్దమ్మా... సర్వర్ డౌన్ ఉన్నది. జరసేపు కూసో.’’

పెద్దమ్మ కూర్చుంటుంది. ఆమె వెనకే స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఇవాళే ఆఖరు రోజని పరుగెత్తుకొచ్చిన డిగ్రీ కుర్రాడు, కుల ధ్రువపత్రం కోసం పనిమానుకుని వచ్చిన తండ్రి, భూమి కాగితాల సంగతి తేల్చుకుందామని బస్సెక్కి వచ్చిన రైతు. అందరికీ ఒకటే జవాబు. ‘సర్వర్’ అన్న ఇంగ్లిష్ ముక్క మన ఊళ్లలో ఇంతగా నాటుకుపోయిందంటే కంప్యూటర్ చదువుల వల్ల కాదు, ఈ పడిగాపుల వల్లే.

తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఆ సర్వర్ పాపం ఏ తప్పూ చేసి ఉండదు. ఎక్కడో ఏసీ గదిలో నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. కౌంటర్ మీది కంప్యూటర్‌కూ దానికీ మధ్య గదిలోని వైఫై పెట్టె, గోడకు తగిలించిన ఫైబర్ డబ్బా, వీధి స్తంభం మీది తీగ, ఊరి చివరి జాయింటు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ, జిల్లా కేంద్రం, హైదరాబాద్... ఇలా ఓ పది అతుకులున్నాయి. ఏ అతుకు ఊడినా కౌంటర్ దగ్గర చెప్పే మాట మాత్రం ఒకటే. కడుపునొప్పి అయినా కాలు విరిగినా ‘ఒంట్లో బాగాలేదు’ అన్నట్టు!

దూరం సమస్యే కాదు. సన్నటి గాజుపోగులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. గోదావరిఖని ప్రాంతం నుంచి రెండొందల పైచిలుకు కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాద్ చేరడానికి సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుందంతే. మరి పెద్దమ్మ కాగితం ఎందుకు రాదు? అది తెలియాలంటే నెట్‌వర్క్ అంటే ఏమిటో మొదటి నుంచి చూడాలి. అందుకు బొగ్గుబాయి చుట్టుపక్కల ఊళ్లను మించిన పాఠశాల లేదు.

మూడు గంటలు కొడితే...

నెట్‌వర్క్ అనగానే అందరికీ తీగలు గుర్తొస్తాయి. అసలు సరుకు తీగ కాదు, ఒప్పందం. ఇటువాళ్లు ఏం పంపితే అటువాళ్లు ఏమని అర్థం చేసుకోవాలి, అందిందని తిరిగి ఎలా చెప్పాలి, అందకపోతే ఏం చేయాలి అన్న కట్టుబాటు. కంప్యూటర్ భాషలో దాన్నే ప్రోటోకాల్ అంటారు. ఈ పేరు పుట్టకముందే గనుల్లో ఆ పని నడుస్తోంది.

నిలువు బావిలాంటి షాఫ్టు ఉన్న గనిలో మనుషుల్ని కిందికి దించే కేజ్ ఉంటుంది. దాన్ని నడిపే ఇంజిన్ ఎక్కడో పైన. కేజ్ దగ్గరున్న మనిషి ఆపరేటర్‌కు కనపడడు, అతని కేక వినపడదు. కాబట్టి గంటలు. ఆగి ఉన్నప్పుడు 1 గంట కొడితే పైకి లాగు. నడుస్తుండగా అదే 1 గంట కొడితే ఆపు. 2 కొడితే కిందికి దించు. 3 కొడితే మనుషులు ఎక్కబోతున్నారు, జాగ్రత్త. ఈ లెక్క గనుల నిబంధనల్లోనే రాసి ఉంది.

ఇందులో గొప్ప కిటుకు మూడు గంటల దగ్గరుంది. మూడు కొట్టగానే ఎవరూ కేజ్‌లో కాలు పెట్టరు. అవతలి నుంచి తిరిగి మూడు గంటలు మోగాలి. అప్పుడే ఎక్కాలి. ‘నువ్వు చెప్పింది నాకు అందింది’ అని అవతలివాడు చెప్పేదాకా పని మొదలుకాదన్నమాట. రామగుండం ప్రాంతంలో ఏటవాలుగా దిగే ఇంక్లైన్లే ఎక్కువ. అక్కడా తాళ్లతో టబ్బులు లాగే చోట గంటల సంకేతాలదే రాజ్యం.

మీ ఫోన్ ఏదైనా వెబ్‌సైట్‌ను తెరిచే ముందు సరిగ్గా ఇదే చేస్తుంది. ‘మాట్లాడొచ్చా?’ అని ఓ చిన్న కబురు పంపుతుంది. ‘మాట్లాడు, నేనూ మాట్లాడొచ్చా?’ అని అటునుంచి జవాబు. ‘సరే’ అని మళ్లీ ఇటునుంచి. ఈ మూడు మాటలూ పూర్తయితేనే అసలు సరుకు కదులుతుంది. ఆ తర్వాత కూడా పంపినదానికల్లా అందినట్టు రసీదు రావాలి. కాసేపట్లో రసీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఈ కట్టుబాటు పేరు టీసీపీ. అమెరికాకు చెందిన వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ దీని తొలి రూపాన్ని 1974లో ప్రకటించారు. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్ మొత్తం ఈ పద్ధతిలోకి మారింది. మీసేవ తెర మీద గుండ్రంగా తిరిగే చక్రం ఉంది చూశారూ, చాలాసార్లు దాని అర్థం ఒకటే. ఇటునుంచి గంట కొట్టారు, అటునుంచి తిరుగు గంట ఇంకా మోగలేదు.

అన్నిటికీ రసీదు అడిగితే కుదరదు కూడా. దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తే ఒక్కో మాటకూ రసీదు చూసుకుంటూ కూర్చోలేం కదా! అక్కడ పోయిన ముక్క పోయిందని వదిలేసి ముందుకెళ్లే పద్ధతి వేరే ఉంది. మొహం కాసేపు గడులు గడులుగా విడిపోవడం ఆ పోయిన ముక్కల పుణ్యమే.

గని లోయలో పుట్టినవాడి ఆలోచన

ఇక సరుకు రవాణా. సింగరేణి బొగ్గు రామగుండం ఎన్టీపీసీకి రైల్లో వెళ్తుంది. ఒక్క వ్యాగన్ పట్టాలు తప్పిందనుకోండి, వెనకున్నదంతా ఆగిపోతుంది. పాత టెలిఫోన్ పద్ధతి అచ్చం ఇలాంటిదే. మీరు ఫోన్ పెట్టేసేదాకా ఆ లైన్ మొత్తం మీదే. ఇద్దరూ మాట్లాడకుండా ఊరుకున్నా ఇంకెవరూ వాడుకోవడానికి లేదు.

అదే బొగ్గును వంద లారీలకెత్తి పంపితే? ఒక్కో లారీకి ఒక్కో చీటీ. చేరాల్సిన ఊరు, లారీ వరస నంబరు దాని మీద రాసి ఉంటాయి. ఓ రోడ్డు మీద అడ్డంకి ఉంటే ఇంకో రోడ్డు పడతాయి. ముందు బయల్దేరింది వెనక చేరవచ్చు. ఫరవాలేదు, చీటీ చూసి వరసలో పెట్టుకుంటారు. రాని లారీని మాత్రమే మళ్లీ తెప్పించుకుంటారు. ఇంటర్నెట్ నడిచేది ఇలాగే. ఆ లారీ పేరు ప్యాకెట్. ఒక్కోదానిలో పట్టేది మామూలుగా 1,500 బైట్లే. మీరు వాట్సాప్‌లో 3 మెగాబైట్ల ఫొటో పంపారంటే అది సుమారు 2,000 ముక్కలై వెళ్లి, అవతల మళ్లీ ఒక్కటై కనిపిస్తుంది. మీ ముక్కల మధ్య సందుల్లో పక్కింటివాళ్ల ముక్కలు, ఎదురింటివాళ్ల ముక్కలు దూరి వెళ్తుంటాయి. ఒకే తీగ ఇంతమందికి సరిపోతున్న రహస్యం ఇదే.

ఈ ఆలోచన 1960లలో ఇద్దరికి విడివిడిగా తట్టింది. ఒకరు అమెరికాలోని ర్యాండ్ సంస్థకు చెందిన పాల్ బారన్. రెండో ఆయన బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసిన డోనాల్డ్ డేవిస్. ప్యాకెట్ అన్న పేరు పెట్టింది ఈయనే. వేరే భాషల్లోకి వెళ్లినా ఇబ్బంది పెట్టని మాట కోసం భాషావేత్తల సలహా కూడా అడిగాడట. అడిగినందుకు ఫలితం దక్కింది. తెలుగులో అది పాల ప్యాకెట్ పక్కన హాయిగా సర్దుకుపోయింది!

గోదావరిఖని వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. డేవిస్ 1924లో పుట్టిన ఊరు వేల్స్‌లోని ట్రియోర్కీ. ప్రపంచంలోనే పేరుమోసిన రోండా బొగ్గు లోయలోని ఊరది. ఆయన తండ్రి ఓ బొగ్గు గనిలో గుమాస్తా. కొడుకు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన పోయాడు. గని బెల్టులో పుట్టిన పిల్లలకు కంప్యూటర్ చదువు దూరపు కొండ అనుకునేవాళ్లకు ఈ పేరు చెప్పొచ్చు.

ఇన్నో డిప్, ఇన్నో లెవెల్

చీటీ మీద ఊరి పేరు రాయాలన్నాం. కంప్యూటర్‌కు ఊరి పేరేమిటి?

బొగ్గుబాయిలో చిరునామా ఎలా చెబుతారో ఆలోచించండి. కింద చెట్టూ పుట్టా, గుడీ బడీ ఏవీ ఉండవు. చీకటి గ్యాలరీలన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే అన్నిటికీ నంబర్లే. ఇన్నో డిప్, ఇన్నో లెవెల్ అంటే చాలు, తెలిసిన మనిషి కళ్లు మూసుకుని వెళ్తాడు. ఇంటర్నెట్‌లోనూ అంతే. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు. ఒక్కోటి 0 నుంచి 255 లోపు. మొదటి అంకెలు ఏ పెద్ద నెట్‌వర్కో చెబుతాయి, చివరివి అందులో ఏ యంత్రమో చెబుతాయి. దీన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఇలా రాయగలిగేవి మొత్తం సుమారు 429 కోట్లు. మొదట్లో ఇవి ఎప్పటికీ ఒడవవనుకున్నారు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచస్థాయి నిల్వలోంచి ఆఖరి కట్టలు కూడా పంచేశారు! జనాభాకంటే ఫోన్లు పెరిగిపోతే మరేమవుతుంది? వీటికి ఎన్నోరెట్లు పొడవైన కొత్తరకం అడ్రస్‌లు వచ్చాయి కానీ పాతవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఎలా నెట్టుకొస్తున్నారంటే, కాలనీ క్వార్టర్ల లెక్కన. ఒకే క్వార్టర్ నంబరు మీద ఇంట్లో ఆరుగురికీ ఉత్తరాలు వస్తాయి. ఎవరిది ఎవరికో గడప దగ్గరున్న పెద్దాయన చూసి ఇస్తాడు. మీ ఇంటి వైఫై పెట్టె ఆ పెద్దాయన. బయటి ప్రపంచానికి ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే చిరునామా. లోపల ఒక్కో ఫోన్‌కు 192.168తో మొదలయ్యే ఇంటి పేర్లు. అవి గడప దాటి చెల్లవు. అందుకే మీ ఫోన్‌లో ఉన్న ఆ అంకే మీ పక్కింటివాళ్ల ఫోన్‌లోనూ ఉండొచ్చు. తగువేం రాదు.

మనుషులు అంకెలు గుర్తుపెట్టుకోలేరు కాబట్టి మీసేవ, రైల్వే, బ్యాంకు అని పేర్లు కొడతాం. ఆ పేరుకు తగిన అంకె వెతికిపెట్టే పుస్తకం ఒకటి నెట్‌లోనే ఉంటుంది. పేరు డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. ఆ పుస్తకం తెరుచుకోని రోజున తీగ బాగున్నా, సర్వర్ బాగున్నా మీకు ఏమీ తెరుచుకోదు. ఇల్లు అక్కడే ఉంది, చుట్టాలూ ఉన్నారు, దారి చెప్పేవాడే లేడు.

దారి సంగతి మరీ విచిత్రం. ప్యాకెట్ బయల్దేరేటప్పుడు దాని దగ్గర దారి పటం ఉండదు. కమాన్‌పూర్ నుంచి కాశీకి నడిచివెళ్లే పాతకాలపు యాత్రికుడిలా ప్రతి కూడలిలో అడుగుతుంది. ప్రతి కూడలిలోనూ రౌటర్ అనే యంత్రం ఉంటుంది. దానికీ మొత్తం దారి తెలియదు. ‘నీ ఊరికైతే ఈ పక్కకు పో’ అని వచ్చే కూడలి మాత్రం చూపిస్తుంది. ఎవరికీ పూర్తి దారి తెలియకుండానే అందరూ గమ్యం చేరడం, అంత పెద్ద వ్యవస్థకు ఒక్క మేస్త్రీ కూడా లేకపోవడం వింటే నమ్మబుద్ధి కాదు. కానీ రోజూ జరిగేది అదే.

డబ్బా మీది ఎర్రలైటు

ఇప్పుడు మళ్లీ ‘సర్వర్ డౌన్’ దగ్గరికి వద్దాం. ఇంట్లోనైనా, కౌంటర్‌లోనైనా ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఇంజినీర్ కానక్కర్లేదు. ఫైబర్ డబ్బా మీద ‘లాస్’ అని ఓ చిన్న లైటుంటుంది. నష్టమని కాదు, వెలుతురు రావడం లేదని దాని అర్థం. అది ఎర్రగా మెరుస్తోందంటే గాజుపోగు ఎక్కడో తెగింది లేదా వంగిపోయింది. సర్వర్‌ను తిట్టి లాభం లేదు, లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి. ఆ లైటు ఆరిపోయి ఉండి, ఒక్క ఫోన్‌కే నెట్ రాకపోతే తప్పు ఇంట్లోనే ఉంది. అన్ని ఫోన్లలోనూ వాట్సాప్ వస్తూ ఒక్క వెబ్‌సైట్ మాత్రమే తెరుచుకోకపోతే, అప్పుడు నిందించండి ఆ సర్వర్‌ని. నూటికి నూరుపాళ్లు కాకపోయినా ఎక్కువసార్లు ఈ లెక్క తప్పదు.

నెమ్మదించడం వేరు, తెగిపోవడం వేరు. కమాన్‌పూర్ ఆదివరాహస్వామి గుడికి జనం పోటెత్తిన రోజు ఫోన్‌లో బొమ్మ కదలకపోతే టవర్ చెడిపోయిందనుకోవద్దు. టవర్ మోయగలిగిన బరువు ఒకటే, పంచుకునే చేతులు పెరిగాయి. అంతే.

రెండో దారి

అమ్మేవాళ్లు ఎప్పుడూ వేగం గురించే చెబుతారు. వంద ఎంబీపీఎస్, రెండొందల ఎంబీపీఎస్ అంటూ. కొనేవాళ్లూ అదే అడుగుతారు. నెట్‌వర్క్ గట్టిదా కాదా అన్నది తేల్చేది మాత్రం వేరే ప్రశ్న. ఈ తీగ తెగితే ఇంకో దారి ఉందా?

గని మనిషికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1862 జనవరి 16న ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీ గనిలో పంపు ఇంజిన్ దూలం విరిగి షాఫ్టులో పడింది. బయటకు రావడానికి ఆ ఒక్క షాఫ్టే దారి. 204 మంది పెద్దలూ పిల్లలూ లోపలే మరణించారు. అదే ఏడాది అక్కడ చట్టం తెచ్చారు, గనికి రెండు దారులు ఉండి తీరాలని. ఇవాళ మన దేశపు గనుల నిబంధనల్లోనూ ఆ నియమం ఉంది. 1960లలో పాల్ బారన్ కాగితం మీద చుక్కలూ గీతలూ గీసి చెప్పింది దాదాపు ఇదే సంగతి. అన్ని తీగలూ ఒకే చోట కలిస్తే ఆ ఒక్క చోటు పోతే అంతా పోతుంది. వలలాగా అల్లితే కొన్ని ముడులు తెగినా కబురు పోతుంది.

మన ఊళ్ల సంగతి చూడండి. గ్రామ పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది. ఆ పథకానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు. మొదటి దశలో ఎక్కువగా తోరణం కట్టినట్టు ఒకే వరసలో ఊరి తర్వాత ఊరికి తీగ లాగారు. తోరణానికి మధ్యలో దారం తెగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అవతలి ఊళ్లన్నీ చీకట్లోకే. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సవరించిన పథకానికి 1.39 లక్షల కోట్ల రూపాయలు మంజూరు చేస్తూ ఈసారి ఉంగరంలా తీగ తిప్పాలని నిర్ణయించింది. ఉంగరం ఒకచోట తెగితే కబురు రెండో వైపు నుంచి తిరిగొస్తుంది. తోరణానికీ ఉంగరానికీ తేడా కాస్త తీగే. ఆ కాస్త తీగ దండగ ఖర్చని లెక్కలు వేసేవాళ్లకు అనిపిస్తుంది, తెగిన రోజు వచ్చేదాకా.

తెలంగాణలో టీ-ఫైబర్ తీగల్ని మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే వేసుకుంటూ వచ్చారు. ఒకే తవ్వకంతో నీళ్లూ, నెట్టూ. ఖర్చు కలిసొచ్చే తెలివైన పనే. కాకపోతే పైపు పగిలి జేసీబీ దిగిందంటే రెండింటికీ గండమే. రోడ్ల విస్తరణ, బొగ్గు లారీల రద్దీ, ఓపెన్‌కాస్ట్ తవ్వకాలు ఉండే సీమలో భూమి ఊరికే కుదురుగా ఉండదు కదా. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు గ్రామాల్లో ఒకటి పెద్దపల్లి జిల్లాలోదే. కమాన్‌పూర్ ఉన్న మంథని నియోజకవర్గంలోనే, ముత్తారం మండలం అడవి శ్రీరాంపూర్. ఇంటి టీవీనే కంప్యూటర్‌గా వాడుకునే ఏర్పాటు కూడా చూపించారు. తీగ మీ ఊరికొచ్చిన రోజున సర్పంచ్‌ను అడగాల్సింది వేగం గురించి కాదు, అది ఉంగరమా, తోరణమా అని.

పెద్ద ఊళ్లు, పెద్ద దేశాలు కూడా ఈ ప్రశ్నకు అతీతం కావు. 2008 జనవరి చివరలో ఈజిప్టు దగ్గర సముద్రం అడుగున రెండు కేబుళ్లు దెబ్బతింటే ఇక్కడ మన దేశంలో ఇంటర్నెట్ భారీగా మందగించింది. రెండు దారులున్నాయనుకున్నారు. రెండూ ఒకే సముద్రపు సందులోంచి వెళ్తున్నాయని అప్పుడు తెలిసొచ్చింది.

భూమి కింద

పైన నెట్ లేకపోతే కాగితం ఆలస్యమవుతుంది. కింద అయితే ఖరీదు వేరు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. 2016లో రామగిరి మండలం విడిపోకముందు ఆ ప్రాంతమంతా కమాన్‌పూర్ మండలమే. ఇలాంటి ప్రతిసారీ పైన గేటు దగ్గర నిలబడ్డ కుటుంబాలది ఒకటే ప్రశ్న. లోపల ఎవరున్నారు? ఎక్కడున్నారు? బతికున్నారా?

సెల్‌ఫోన్ ఉంటే సరిపోదా అంటే, సరిపోదు. బొగ్గు, రాయి కలిసి రేడియో తరంగాల్ని మింగేస్తాయి. పైగా గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. మామూలు ఫోన్ బ్యాటరీని అందుకే కిందికి రానివ్వరు. అక్కడి ఫోన్లు, మీటర్లు రవ్వ పుట్టించలేనంత తక్కువ కరెంటుతో నడిచేలా విడిగా తయారవుతాయి. గాజు ఫైబర్‌లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. గనుల వాళ్లకు అది నచ్చడానికి అదో కారణం. ఇంకో చమత్కారమైన తీగ కూడా ఉంది. దాని తొడుగుకు కావాలనే సందులు పెడతారు. చిల్లుల పైపులోంచి నీళ్లు కారినట్టు గ్యాలరీ పొడవునా రేడియో తరంగాలు కారుతుంటాయి. దగ్గర్లోని వాకీటాకీ వాటిని అందుకుంటుంది. లీకీ ఫీడర్ అని దాని పేరు. కానీ పైకప్పు కూలితే ముందు తెగేది గోడ వెంట వేలాడే ఆ తీగే. అందుకే రెండు కొసల నుంచీ సంకేతం ఇవ్వాలి. మళ్లీ ఉంగరమే!

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 2006 జనవరి 2న సాగో గని పేలింది. పదమూడు మంది లోపల చిక్కుకున్నారు. పేలుడుకు ఫోన్ లైను పోయింది. పైవాళ్లకు వాళ్లెక్కడున్నారో తెలియదు. కింది వాళ్లకు పైన ఏం జరుగుతోందో తెలియదు. దాదాపు రెండు రోజుల తర్వాత సహాయక బృందం వాళ్లను చేరింది. ముక్కుకు, నోటికి శ్వాస పరికరాలు కట్టుకున్న మనుషులు ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ కబురు పైకి పంపారు. ఆ కబురు పైకి చేరేసరికి ‘పన్నెండు మంది బతికున్నారు’ అయింది. చర్చిలో ఎదురుచూస్తున్న కుటుంబాలు పాటలు పాడుకున్నాయి, కౌగిలించుకుని ఏడ్చాయి. మూడు గంటలపాటు అదే ఆనందం. తర్వాత నిజం చెప్పారు. బతికింది ఒక్కరు. పన్నెండు మంది పోయారు.

ప్యాకెట్ మీది చీటీలో ఇంతవరకు చెప్పుకోని ఓ అంకె ఉంటుంది. లోపలి సరుకునంతా ఓ లెక్క ప్రకారం కూడి రాసిన అంకె అది. అవతలివాడు విప్పగానే అదే లెక్క మళ్లీ వేస్తాడు. రెండూ కలవకపోతే దారిలో కబురు చెడిపోయిందని అర్థం. చెడిపోయిన ముక్కను సగం నమ్మడం, సర్దుకుని చదువుకోవడం ఉండదు. పారేస్తాడు. కొత్తగా పంపించుకుంటాడు. సాగోలో నోటి నుంచి నోటికి నడిచిన కబురుకు ఈ సరిచూపు లేదు.

ఆ ఏడాదే అమెరికా చట్టం చేసింది. మూడేళ్లలోగా భూగర్భ బొగ్గు గనులన్నీ తీగ తెగినా పనిచేసే రెండువైపుల మాటల ఏర్పాటు, మనిషి ఎక్కడున్నాడో పైన తెలిసే ఏర్పాటు చూపించాలని. గ్యాలరీల్లో అక్కడక్కడా పెట్టెలు పెట్టి, ఒకటి పోతే పక్కదాని మీదుగా కబురు చేరేసే వల పద్ధతి ఆ తర్వాతే గనుల్లో ఊపందుకుంది. బారన్ గీసిన చుక్కలూ గీతలే భూమి కిందికి దిగాయి.

అడ్రియాల గనికి దగ్గర్లో, సెంటినరీ కాలనీలో 2010లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. మంథని పేరుతో పిలుస్తారు. కంప్యూటర్ సైన్స్, మైనింగ్ రెండూ అదే ప్రాంగణంలో. రెండు క్లాసులకూ ఒకే ప్రశ్న ఇవ్వొచ్చు. రెండు కిలోమీటర్ల పొడవున్న గ్యాలరీలో ఒక కేబుల్ ఇప్పటికే వేలాడుతోంది. పైకప్పు ఎక్కడ కూలుతుందో ముందుగా తెలియదు. రెండో కేబుల్‌ను ఏ గ్యాలరీలోంచి తీసుకెళ్తారు?